ఎదుటి మనిషి మనసు పసివాడికి ఎప్పుడు తెలుస్తుంది?

మీ ఇంట్లో మూడేళ్ళ పిల్లో పిల్లవాడో వుంటే ఈ వారం ఒక చిన్న పరీక్ష చెయ్యండి. మందూ మాకూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. బిస్కట్ల రేకు డబ్బా ఒకటి చాలు. మన ఇళ్ళల్లో ఆ డబ్బాలో బిస్కట్లు నాలుగు రోజులుంటే, దారపు రీళ్ళూ బొత్తాలూ ఇరవయ్యేళ్ళుంటాయి. కనక ప్రత్యేకం ఏర్పాట్లు కూడా చెయ్యనక్కర్లేదు. (సూదులు మాత్రం ముందే తీసెయ్యండి. డాక్టరుగారు చెప్పారని సూదుల డబ్బా పిల్లాడి చేతికిచ్చామంటూ నాకు ఉత్తరాలు రాయవద్దు.) ఆ డబ్బాని మీవాడు అంతకుముందు తెరిచి చూసి వుండకూడదు, అదొక్కటే షరతు.

"ఇందులో ఏముందిరా?" అని అడగండి. "బిస్కట్లు!" అంటాడు. మూత తీసి చూపించండి. దారపు రీళ్ళు చూసి మూతి ముడుస్తాడు. మళ్ళీ మూత పెట్టేసి, "తాతయ్య వీధి అరుగు మీద కూర్చున్నారు కదా, ఆయన ఇందులోకి చూడలేదు. ఇప్పుడు తాతయ్యని పిలిచి, మూత తియ్యకుండా ఇందులో ఏముందని అడిగితే ఏమంటారు?" అనండి.

"దారం" అంటాడు, తడుముకోకుండా.

ఇంకో ప్రశ్న వెయ్యండి. "మూత తియ్యకముందు నువ్వు ఏముందనుకున్నావురా?" దానికీ "దారం" అనే అంటాడు. నిమిషం క్రితం బిస్కట్లు అన్న నోరే అది!

ఇదే ప్రశ్న అయిదేళ్ళ అక్కని అడిగి చూడండి. ఆ పిల్ల చేత్తో నోరు మూసుకుని నవ్వి, "తాతయ్య బిస్కట్లు అంటారు! పిలువమ్మా, పిలువు, చూద్దాం" అని గంతులేస్తుంది. ఈ ఇద్దరు పిల్లల మధ్యా రెండేళ్ళ తేడా మాత్రమే వుంది. కాని ఆ రెండేళ్ళలో మనిషి పుట్టుకలోకెల్లా పెద్ద సంగతి ఒకటి జరిగిపోయింది. ఒక్కొక్కరి తలలో ఒక్కొక్క లోకం వుంటుందనీ, అది నిజంగా వున్న లోకంతో సరిపోలకపోవచ్చుననీ ఆ పిల్లకి తెలిసింది. తమ్ముడికి ఇంకా తెలియదు. జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ 1987లో చాక్లెట్ బిళ్ళల గొట్టంలో పెన్సిలు పెట్టి ఇటువంటి పరీక్ష చేశారు. "నువ్వు ముందు ఏమనుకున్నావు?" అనే రెండో ప్రశ్నని ఏలిసన్ గోప్నిక్, జానెట్ ఏస్టింగ్టన్ 1988లో బాగా లోతుగా పరిశీలించారు. గొట్టం వాళ్ళది, రేకు డబ్బా మనది, అంతే తేడా.

దీని గురించి ఆరోగ్యం పేజీలో ఎందుకు రాస్తున్నానని మీకు సందేహం కలగవచ్చు. కారణం చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో మా ఆస్పత్రికి నాలుగేళ్ళ పాపని తీసుకొచ్చారు. కుడి తొడ మీద రెండంగుళాల మేర బొబ్బ, దాని మీద పళ్ళపేస్టు పట్టించి వుంది. అట్లకాడ కాల్చి వాత పెట్టింది కన్నతల్లే. కారణం ఏమిటంటే, ఆ పిల్ల అబద్ధం ఆడింది. డబ్బాలోని సున్నుండ తీసుకు తిని, మూతి నిండా సున్నిపిండీ నెయ్యీ అంటుకుని వుండగా, "నేను తినలేదు, పిల్లి తినేసింది" అన్నదట.

ఆ తల్లి రాక్షసి ఏమీ కాదు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయి వున్నాయి. "ఇంతప్పుడే ఇంత బొంకు నేర్చితే రేపు ఏమైపోతుందండీ డాక్టరుగారూ! మొక్కై వంగనిది మానై వంగునా అని మా అత్తగారు అంటే, నాకు ఒళ్ళు మండిపోయిందండీ" అంది.

ముందు పుండు సంగతి చూశాం. (సందర్భం వచ్చింది కనక చెబుతున్నాను. ఎక్కడ కాలినా వెంటనే మామూలు చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలపాటు ధారగా పొయ్యండి. ఐసు వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. శుభ్రమైన పలచటి గుడ్డ కప్పి తీసుకురండి.) ఆ తర్వాత ఆ తల్లిని కూర్చోబెట్టి చెప్పిన మాటల్నే మీకూ చెబుతున్నాను. "ఏమ్మా, మీ పాప ఆ మాట అనడానికి దాని బుర్రలో ఎంత పని జరిగి వుండాలో ఆలోచించావా? 'నేను తినడం అమ్మ చూడలేదు. కనక అమ్మకి తెలియదు. నేను పిల్లి అంటే అమ్మ పిల్లి అనుకుంటుంది.' ఆరు నెలల క్రితమైతే దానికి ఇది చేతనయ్యేది కాదు. దానికి బొంకు రావడం దొంగబుద్ధి పుట్టడం కాదమ్మా. నీ మనసు వేరు, తన మనసు వేరు అని తెలిసిరావడం. అయితే ఆ తెలివి సగమే వచ్చింది, మూతి తుడుచుకోవాలని ఇంకా తెలియలేదు!"

ఆమె నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. మా నర్సమ్మ మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది.

నేను సరదాకి అన్న మాట కాదది. కెనడాలో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన పరిశీలన చూడండి. పిల్లవాణ్ణి గదిలో కూర్చోబెట్టి, వెనక ఒక బొమ్మ పెట్టి, "నేను వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడకు" అని చెప్పి వెళతారు. చాలామంది తిరిగి చూస్తారు, చూడక ఏం చేస్తారు? తర్వాత "చూశావా?" అని అడిగితే, చూసిన మూడేళ్ళ పిల్లల్లో సుమారు సగంమంది చూశామని ఒప్పేసుకున్నారు. అంతకన్నా పెద్దవాళ్ళలో ఎక్కువమంది చూడలేదని బొంకారు. కాని "మరి ఆ బొమ్మ ఏమయి వుంటుంది?" అని తిరగేసి అడిగేసరికి, పసివాళ్ళు చాలామంది ఆ బొమ్మ పేరు చెప్పేసి దొరికిపోయారు. చూడలేదన్నవాడికి పేరు తెలియకూడదు కదా అన్న రెండో మెట్టు ఇంకా ఎక్కలేదు వాళ్ళు. మా పాప మూతి మీది సున్నిపిండి కూడా అదే.

అప్పులవాడు గుమ్మంలోకి వస్తే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లాణ్ణి పంపించే తండ్రుల సంగతి మీకు తెలుసు. పిల్లాడు వెళ్ళి, "నాన్న ఇంట్లో లేరని చెప్పమన్నారండీ" అంటాడు. మనం పగలబడి నవ్వుతాం. నిజానికి ఆ మూడేళ్ళవాడు సత్యహరిశ్చంద్రుడు కాడు. ఎదుటివాడి తలలో లేనిపోని అభిప్రాయం ఒకటి నాటవచ్చునన్న సంగతే వాడికి తెలియదు. ఇంకో ఏడాది ఆగండి, "లేరండీ" అని ఊరుకుంటాడు. అప్పుడు బొంకు ఎవరు నేర్పారని ఇల్లంతా వెతుకుతాం!

మరి బొంకిన పిల్లని ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకుండా వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. మూతి నిండా పిండి కనబడుతూంటే "తిన్నావా, లేదా? నిజం చెప్పు" అని బోనులో నిలబెట్టకండి. అది అబద్ధాన్ని మనమే పిలవడం. "సున్నుండ తిన్నావు. ఈసారి అడిగి తీసుకో, అడిగితే ఇస్తాను" అనండి, చాలు. కాంగ్ లీ బృందమే 2014లో ఇంకో తమాషా సంగతి బయట పెట్టింది. మూడు నించి ఏడేళ్ళ పిల్లలకి ముందు కథ చెప్పి, తర్వాత పైన చెప్పిన బొమ్మ పరీక్షే చేశారు. "నాన్నా, పులి!" అని అరిచే కుర్రవాడి కథ మనకి తెలుసు కదా; వాళ్ళ దేశాల్లో అది తోడేలు. ఆ కథ విన్నందువల్ల పిల్లల అబద్ధాలు తగ్గలేదు. నిజం ఒప్పుకున్నందుకు తండ్రి మెచ్చుకున్న జార్జి వాషింగ్టన్ చెట్టు కథ విన్న పిల్లలు మాత్రం ఎక్కువమంది నిజం చెప్పారు. పులి చేత తినిపించడం కన్నా భుజం తట్టడం బాగా పనిచేసిందన్నమాట. వాత సంగతి ఇక చెప్పేదేముంది. వాత పడ్డ పిల్ల నేర్చుకునేది నిజం చెప్పడం కాదు, ఇంకా గట్టిగా బొంకడం.

ఇదంతా నాలుగో పుట్టినరోజునాడు ఉన్నట్టుండి వచ్చిపడేది కాదు. ఒళ్ళో వున్నప్పటి నుంచే మొదలవుతుంది. తొమ్మిది, పది నెలల బిడ్డ మీరు ఎటు చూస్తే అటు చూస్తాడు. ఏడాది నిండే వేళకి వేలు చూపిస్తాడు. ఈ వేలు చూపించడాన్ని చిన్నచూపు చూడకండి. మాటకన్నా ముందు నేను అడిగే ప్రశ్న ఇదే. వేలు చూపడంలో రెండు రకాలున్నాయి. పాలసీసా వైపు చూపి "అది ఇవ్వు" అనడం ఒకటి. చందమామనో కాకినో చూపి, మళ్ళీ మీ ముఖంలోకి తిరిగి, మీరు చూశారా లేదా అని చూడడం రెండోది. చందమామని ఎవరూ తెచ్చి ఇవ్వలేరని వాడికీ తెలుసు. వాడికి కావలసింది చందమామ కాదు, మీ చూపు. మన అమ్మమ్మలు సంధ్యవేళ బిడ్డని చంకనేసుకుని చందమామని చూపిస్తూ గోరుముద్దలు పెట్టేవారంటే, అది అన్నం ఒక్కటే పెట్టడం కాదు.

ఏడాదిన్నర వయసుకి ఇంకో మెట్టు ఎక్కుతారు. అమెరికాలో బెటీ రెపకోలీ, గోప్నిక్ కలిసి 1997లో చేసిన పరీక్ష నాకు చాలా ఇష్టం. పిల్లల ముందు రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో ఉప్పు బిస్కట్లు, ఇంకోదాంట్లో బ్రకోలీ అనే ఆకుపచ్చ పువ్వుకూర పచ్చిది. పిల్లలకి బిస్కట్లే ఇష్టం. పరీక్ష చేసే ఆవిడ బిస్కట్టు కొరికి "ఛీ" అని, కూర కొరికి "ఆహా" అని, తర్వాత చెయ్యి చాచి "నాకొకటి పెట్టు" అన్నది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కట్టే పెట్టారు. పద్దెనిమిది నెలల వాళ్ళు కూర పెట్టారు. నాకు ఇష్టం లేనిది ఈవిడకి ఇష్టం కావచ్చునని నాలుగు నెలల తేడాలో గ్రహించారు! అరవయ్యేళ్ళొచ్చినా ఇంటికొచ్చిన ప్రతివాడికీ తనకిష్టమైన గోంగూరే వడ్డించి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవాళ్ళు నాకు తెలుసు. అది వేరే సంగతి.

ఎదుటివాళ్ళకి ఏం కావాలో ముందు తెలుస్తుంది. ఎదుటివాళ్ళు ఏమనుకుంటున్నారో తర్వాత తెలుస్తుంది. ఆస్ట్రియాలో హైంజ్ విమ్మర్, పెర్నర్ 1983లో వేసిన కథ ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మాక్సి అనే పిల్లవాడు చాక్లెట్టు నీలం అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళతాడు. వాడు లేనప్పుడు తల్లి కేకులోకి కొంచెం తీసుకుని, మిగిలింది ఆకుపచ్చ అలమరలో పెడుతుంది. మాక్సి వచ్చి చాక్లెట్టు కోసం ఎక్కడ వెతుకుతాడు? మూడు నాలుగేళ్ళ మధ్య పిల్లల్లో ఒక్కరూ సరిగా చెప్పలేదు. నాలుగు నించి ఆరేళ్ళ వాళ్ళలో నూటికి 57 మంది, ఆరు నించి తొమ్మిదేళ్ళ వాళ్ళలో 86 మంది చెప్పారు. తర్వాత తేలిక ప్రశ్నలతో చేసిన పరిశీలనల్లో చాలామంది పిల్లలు నాలుగూ అయిదేళ్ళకే గట్టెక్కారు. తెల్లవాళ్ళ పిల్లల సంగతి మనకెందుకంటారేమో. కెనడా, పెరూ, సమోవా, థాయిలాండు, మన ఇండియా, ఈ అయిదు దేశాల పిల్లల్ని పరీక్షించి 2005లో ప్రచురించారు. అన్నిచోట్లా దాదాపు అదే వయసు వచ్చింది. పదిహేను నెలల బిడ్డకే ఇది లోలోపల తెలుసని 2005లో ఇంకొకరు అన్నారు గాని, ఆ పరీక్షలు మళ్ళీ చేస్తే అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. ఆ తగువు పండితులు తేల్చుకుంటారు. ఇంటి పెద్దలకి పనికొచ్చే లెక్క నాలుగేళ్ళే.

కనక మూడేళ్ళవాడు ఫోనులో అమ్మమ్మతో మాట్లాడుతూ "అన్నం తిన్నావా?" అంటే నోటితో చెప్పకుండా తల వూపితే, వాడికి బుద్ధి మందం అనుకోకండి. తన తల వూపడం తనకి కనబడుతోంది కాబట్టి అమ్మమ్మకీ కనబడుతోందనుకుంటాడు. దాగుడుమూతల్లో తన కళ్ళు తాను మూసుకుని గది మధ్యలో నిలబడి "నేను కనబడ్డంలేదు" అంటే నవ్వండి, ఆనందించండి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. కాని అదే మూడేళ్ళవాడు అంగన్‌వాడీలో పక్కపిల్ల చేతిలో బొమ్మ లాక్కుంటే, మనం వాణ్ణి "దుర్మార్గుడు, స్వార్థం" అని తిడతాం. స్వార్థం అంటే ఎదుటివాడి బాధ తెలిసీ పట్టించుకోకపోవడం. వీడికి ఆ పిల్ల ఏడవడం తెలుస్తుంది, జాలి కూడా పడతాడు. తను లాక్కోవడానికీ ఆ పిల్ల మనసులో జరిగినదానికీ లంకె వెయ్యడం మాత్రం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.

ఎవరు నేర్పుతారు? ఇక్కడే అసలు సంగతి వుంది. ఎముకలు పెరిగినట్లు దీని కాలం వస్తే ఇదే పెరుగుతుందనుకోకండి. కొంతవరకు పెరుగుతుంది. మిగతాది మాటలతో పెరుగుతుంది. జూడీ డన్ అనే ఆవిడా ఆమె తోటివారూ పిల్లల ఇళ్ళకే వెళ్ళి వాళ్ళ మాటలు విని 1991లో రాశారు. రెండు ముప్పావు ఏళ్ళ వయసులో ఏ ఇళ్ళల్లో సంతోషం, కోపం, భయం గురించీ, ఎందుకు చేశావు, ఎందుకు ఏడ్చింది అనే కారణాల గురించీ మాటలు ఎక్కువగా నడిచాయో, ఆ ఇళ్ళ పిల్లలు ఏడు నెలల తర్వాత ఈ మాక్సి వంటి ప్రశ్నలకి బాగా జవాబు చెప్పారు. అన్నలూ అక్కలూ తమ్ముళ్ళూ వున్న పిల్లలకి ఇది కొంచెం ముందు వస్తుందని పెర్నర్ బృందం 1994లో చెప్పింది. అంటువ్యాధిలాగా తోడబుట్టిన వాళ్ళ నుంచి అంటుకుంటుందన్నారు వాళ్ళు. ఒక్క బిడ్డతో సరిపెట్టుకున్నవాళ్ళు దిగులు పడనక్కర్లేదు. పక్కింటి పిల్లలు, పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు, ఎవరైనా సరే. తగవులాడుకునేవాళ్ళు వుండాలి, ఆ తగవు గురించి మాట్లాడే పెద్దవాళ్ళు వుండాలి.

మాట దొరకని పిల్లల్ని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చెవుడున్న పిల్లల్లో వినికిడి వున్న తల్లిదండ్రులకి పుట్టి, ఇంట్లో ఎవరికీ సంజ్ఞల భాష రాని వాళ్ళు ఎనిమిదేళ్ళు దాటినా మాక్సి వంటి ప్రశ్నలో చాలామంది తప్పుతున్నారని ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ 1995లో చూపించారు. తెలివి తక్కువై కాదు. తల్లిదండ్రులు కూడా చెవిటివాళ్ళయి, పుట్టినప్పటి నుంచీ సంజ్ఞల భాష మాట్లాడే ఇళ్ళ పిల్లలు మామూలు వయసుకే గట్టెక్కారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. నికరాగువా దేశంలో ఇంకా విచిత్రం జరిగింది. అక్కడ 1970ల చివర చెవిటి పిల్లల్ని ఒక బడిలో చేర్చేసరికి, వాళ్ళలో వాళ్ళే ఒక సంజ్ఞల భాష పుట్టించుకున్నారు. ఆ మొదటి తరంవాళ్ళ భాషలో "అనుకున్నాడు", "తెలియదు" వంటి సంజ్ఞలు కొద్ది. పెద్దవాళ్ళయ్యాక కూడా ఈ పరీక్షలో తడబడ్డారు. తర్వాతి తరం చిన్నవాళ్ళు ఆ సంజ్ఞలు పెంచుకున్నారు, నెగ్గారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో కలిసి మెలిగి ఆ సంజ్ఞలు నేర్చుకున్నాక, రెండేళ్ళకి మళ్ళీ పరీక్షిస్తే వాళ్ళూ మెరుగుపడ్డారు. జెనీ పయర్స్, ఆన్ సెంగాస్ 2009లో ఈ సంగతి రాశారు. ముప్పయ్యో ఏటికి దగ్గరపడ్డ మనిషికి కూడా మాట దొరికితే ఎదుటివాడి మనసు ఇంకాస్త తెరుచుకుందన్నమాట.

నా దగ్గరికి వచ్చిన ఒక అయిదేళ్ళవాడి సంగతి చెప్పాలి. "మొండిఘటం, పిలిస్తే పలకడు, బళ్ళో అందరి పెన్సిళ్ళూ ఎత్తుకొస్తాడు, అడిగితే గుడ్లప్పగించి చూస్తాడు" అని తండ్రి. బడిలో బెత్తం దెబ్బలు తిన్న గుర్తులు అరచేతుల మీద వున్నాయి. "వినికిడి పరీక్ష చేయించారా?" అంటే ఆయనకి కోపం వచ్చింది. "వాడికి శుభ్రంగా వినబడుతుందండీ. తలుపు ధడాలున వేస్తే తిరుగుతాడు." తలుపు చప్పుడు వేరు, మాట వేరు. "బెరా" అనే పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ బాగా లోపం తేలింది. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో వాడితో అందరూ చేతి సైగలతో మాట్లాడినవి నాలుగే మాటలు: రా, తిను, పడుకో, వద్దు. "నువ్వు పెన్సిలు తీసుకున్నావని వాడికి తెలియదు, పోయిందనుకుని ఏడుస్తున్నాడు" అని వాడితో ఎవరూ, ఏ భాషలోనూ అనలేదు. ఎలా తెలుస్తుంది వాడికి? చెవికి యంత్రం పెట్టి, మాటలు నేర్పించారు. ఆ తల్లి తనూ సంజ్ఞలు నేర్చుకుంది. రెండేళ్ళ తర్వాత వచ్చి, "డాక్టరుగారూ, వీడు అబద్ధాలు మొదలుపెట్టాడండీ" అంది, నవ్వుతూ.

ఇంతకూ మనం ఇంట్లో చెయ్యగలిగిందేమిటి? మన భాషే సగం పని చేసిపెడుతుంది. తెలుగులో ఆలోచించడానికి మనం వాడే మాట ఏమిటి? అనుకోవడం. అంటే తనలో తాను అనుకోవడం, బయటికి అనకుండా లోపల అనడం. నోటితో అన్నమాట వేరు, లోపల అనుకున్నమాట వేరు అని ఆ ఒక్క మాటలోనే వుంది. ఇక "వచ్చాడు" అనడానికీ "వచ్చాడట" అనడానికీ ఎంత తేడా! ఒకటి నేను చూసింది, ఒకటి ఎవరో చెప్పగా విన్నది. ఇవి పిల్లల ముందు ధారాళంగా వాడండి. "నువ్వు నిద్రపోయావనుకుని నాన్న లైటు ఆర్పేశారు." "తాళాలు బల్లమీద వున్నాయనుకున్నాను, నువ్వు తీశావని నాకు తెలియదు." "మామ్మ రేపు వస్తారట."

కథలు చెప్పేటప్పుడు ఒక్కచోట ఆగండి. కోతీ మొసలీ కథ వుంది కదా, గుండెకాయ చెట్టు మీద మరిచిపోయి వచ్చానని కోతి అంటుంది. అక్కడ ఆగి, "నిజంగా గుండెకాయ ఎక్కడుంది? మరి మొసలి ఎక్కడుందనుకుంది?" అని అడగండి. మేకని కుక్క అని ముగ్గురు దొంగలు బ్రాహ్మణుణ్ణి నమ్మించిన కథలో కూడా అంతే. పంచతంత్రం నిండా ఇవే. మూడేళ్ళవాడు తప్పు చెబితే దిద్దకండి, కథ సాగించండి. చెప్పగా చెప్పగా ఒకరోజు తనే, "మొసలికి తెలీదుగా!" అంటాడు. ఇందుకు గంటలకొద్దీ తీరిక అక్కర్లేదు. ఉద్యోగం చేసే తల్లులు ఉత్తరాల్లో ఈ దిగులే రాస్తూంటారు. జడ వేస్తూ, అన్నం కలుపుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పుకునే మాటలు చాలు. పిల్లాడి చేతిలో ఫోను పెట్టి, మీ చేతిలో ఇంకో ఫోను పెట్టుకుంటే మాత్రం ఆ మాటలకి చోటు లేదు.

ఇక కొందరు పిల్లలకి ఈ దారి వేరుగా వుంటుంది. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ ఆటిజం వున్న 20 మంది పిల్లల్ని ఇటువంటి పరీక్షే చేశారు. వాళ్ళ సగటు వయసు పన్నెండేళ్ళకి దగ్గర. అయినా 16 మంది తప్పారు. డౌన్ సిండ్రోము వున్న 14 మందిలో 12 మంది మాత్రం సరిగ్గా చెప్పారు. కనక ఇది మొత్తం తెలివికి సంబంధించింది కాదని తేలింది. అయితే దీన్ని పట్టుకుని ఆటిజం వున్నవాళ్ళకి మనసు లేదు, ప్రేమ లేదు అని కొందరు ప్రచారం చేశారు. అది శుద్ధ తప్పు. నలుగురు నెగ్గారు కదా. మాటలు పెరిగినకొద్దీ ఇంకా చాలామంది నెగ్గుతారు. పైగా తనే ఆటిజం వున్న డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పండితుడు 2012లో ఒక మాట గట్టిగా అడిగాడు. మా మనసు మీకు అర్థమవుతోందా, మీ మనసు మాకు అర్థం కావడం లేదని మీరు లెక్కలు తీస్తున్నారు గాని, అని. పెళ్ళి పందిట్లో బాజాల మోతకి చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాణ్ణి "ఏం పెంపకమమ్మా" అని పదిమందీ పదిరకాలుగా అనడం నేను చూశాను. అక్కడ ఎదుటి మనసు తెలియనిది ఎవరికి?

ఆటిజం తల్లి పెంపకంవల్ల రాదు, టీకాలవల్ల రాదు. ఇది మాత్రం కోడళ్ళని అనే అత్తగార్లు రెండుసార్లు చదవండి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, పదిహేను నెలలు దాటినా వింతవస్తువు వైపు వేలు చూపి మీ ముఖంలోకి చూడకపోయినా, ఏడాదిన్నరకి ఉత్తుత్తి గిన్నెలో ఉత్తుత్తి అన్నం వండి బొమ్మకి పెట్టడం వంటి ఆటలు రాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పిల్లల డాక్టరుకి చూపించండి. మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించండి. చెవి సంగతి తేలకుండా మిగతా ఏ సంగతీ తేలదు. సర్కారువారు 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పసిపిల్లలకి ముందుగా చికిత్స మొదలుపెట్టే కేంద్రాలున్నాయి, అక్కడ డబ్బు తీసుకోరు. మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. సికింద్రాబాదులో మనోవికాస్‌నగర్‌లో ఇటువంటి పిల్లల కోసమే కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ వుంది. రెండేళ్ళప్పుడు తీసుకువెళ్ళిన బిడ్డకీ, ఆరేళ్ళప్పుడు తీసుకువెళ్ళిన బిడ్డకీ చేయగలిగిన సాయంలో చాలా తేడా వుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "వాళ్ళ మేనమామకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి, తొందరేమిటి" అంటారు. మేనమామ చెవులు ఆ రోజుల్లో ఎవరూ పరీక్షించలేదు. మీవాడి చెవులు ఈ వారమే చూపించండి.